గ్రేడ్ 2 అని రాశారంటే పాకేసినట్టేనా? నాన్న రెక్టమ్ నెట్ (న్యూరోఎండోక్రైన్ ట్యూమర్) రిపోర్టు గురించి

నిజాంపేట్ అబ్బాయి
అందరికీ నమస్తే. నాన్నకి 63 ఏళ్లు. మోషన్‌లో రక్తం పడుతుంటే చాలాకాలం పైల్స్ అనుకునే మందులు వాడాం, దగ్గర్లో క్లినిక్‌లో కూడా అదే చెప్పారు. ఈమధ్య కొలనోస్కోపీ చేయిస్తే పైల్స్ ఉన్న మాట నిజమే కానీ, రెక్టమ్‌లో మలద్వారం నుంచి 7 సెం.మీ. పైన పసుపు రంగులో నున్నటి బుడిపె ఒకటి కనిపించింది. పాలిప్ అనుకుని అప్పుడే వైరు వేసి తీసేశారు. బయాప్సీ రిపోర్టులో ఇలా ఉంది: వెల్ డిఫరెన్షియేటెడ్ న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, గ్రేడ్ 2, కేఐ-67 సుమారు 4 శాతం, సైజు 11 మి.మీ., డీప్ మార్జిన్ పాజిటివ్.
మా బాబాయి గ్రేడ్ 2 అంటే రెండో స్టేజి, అంటే పక్కకి పాకేసింది అంటున్నాడు. ఇంట్లో అమ్మకి ఇంకా పూర్తిగా చెప్పలేదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం. ఈలోపు టెన్షన్ తట్టుకోలేకపోతున్నా. గ్రేడ్ 2 ఉంటే వేరే చోటికి పాకినట్టేనా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

సంగారెడ్డి సైడ్
అన్నా ఇది ఇర్ఫాన్ ఖాన్‌కి వచ్చిన జబ్బే కదా. 2018లో ఆయనే చెప్పాడు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అని. ధైర్యంగా ఉండన్నా.

స్లైడ్‌బాక్స్
నేను పాథాలజీలో పని చేస్తాను, ఇలాంటి రిపోర్టులు రాయడమే మా పని. ముందుగా ఒక మాట. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లు, అంటే హార్మోన్లు తయారుచేసే తరహా కణాల్లో పుట్టేవి, ఊపిరితిత్తుల్లో వస్తాయి, క్లోమంలో వస్తాయి, చిన్నపేగులో, అపెండిక్స్‌లో, రెక్టమ్‌లో వస్తాయి. పేరు ఒకటే అయినా అవన్నీ ఒకే తీరుగా నడవవు. కాబట్టి సినిమావాళ్ల కేసుతో నాన్నగారి కేసు పోల్చుకోవద్దు. రెక్టమ్‌లోవి చాలావరకు ఇలాగే, వేరే దేనికో కొలనోస్కోపీ చేస్తే చిన్నగా ఉండగానే దొరుకుతాయి.
ఇక గ్రేడ్. అది ట్యూమర్ ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పదు, కణాలు ఎంత జోరుగా రెట్టింపు అవుతున్నాయో చెబుతుంది. ఆర్టీసీ బస్సు ఎంత స్పీడు మీద పోతోందో తెలిసినంత మాత్రాన అది కూకట్‌పల్లి దాటిందో లేదో తెలియదు కదా, అలాగన్నమాట. స్పీడు ఎక్కువుంటే దూరం పోయే అవకాశం ఎక్కువ, అంతవరకు నిజం. ఎక్కడుందో తెలియాలంటే మాత్రం వేరే చూడాలి.
2019 డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం కేఐ-67 (విభజన దారిలో ఉన్న కణాల శాతం) 3 లోపుంటే జీ1 అంటే గ్రేడ్ 1, 3 నుంచి 20 వరకు జీ2, 20 దాటితే జీ3. దీంతో పాటు 2 చదరపు మి.మీ. మేర విభజన చెందుతున్న కణాలు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కిస్తాం. రెండిటిలో ఏది ఎక్కువ గ్రేడ్ చూపిస్తే అదే రాస్తాం.
ఇప్పుడు దీన్ని కాస్త దగ్గర నుంచి చూడండి. కేఐ-67 రంగు వేసిన స్లైడ్‌లో విభజనకి సిద్ధంగా ఉన్న కణాల న్యూక్లియస్‌లు గోధుమ రంగులో, మిగతావి నీలంగా ఉంటాయి. గోధుమ చుక్కలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో వెతికి అక్కడ కనీసం 500 కణాలు లెక్కపెట్టాలి. మేము ఫోటో ప్రింటు తీసి ఒక్కో కణం మీద పెన్నుతో టిక్ పెడతాం. 500లో 14 వస్తే 2.8 శాతం, జీ1. 15 వస్తే 3 శాతం, జీ2. ఒక్క కణం తేడా. అదే జీ2 పేరు 18 శాతం ఉన్న ట్యూమర్‌కి కూడా వేస్తాం. కాబట్టి జీ2 అనే రెండక్షరాలు చూసి భయపడకండి, దాని పక్కన ఉన్న అంకె చూడండి.
ఇంకోటి, మీ రిపోర్టులో "సుమారు 4" అని ఉంది. అంటే లెక్కపెట్టి రాశారా, చూపుతో అంచనా వేశారా అని ల్యాబ్‌ని అడగండి. తర్వాత, లింఫోవాస్కులర్ ఇన్వేజన్, అంటే రక్తనాళాల్లోకో లింఫ్ నాళాల్లోకో ట్యూమర్ కణాలు దూరడం గురించి ఏమైనా రాశారా? మీరు చెప్పినదాంట్లో ఆ లైను లేదు.

నిజాంపేట్ అబ్బాయి
మేడమ్ చాలా థ్యాంక్స్. రిపోర్టు మళ్లీ చూశాను, లింఫోవాస్కులర్ అనే మాటే ఎక్కడా లేదు. ఉందనీ రాయలేదు, లేదనీ రాయలేదు.

మలక్‌పేట్ పెద్దాయన
బాబూ, నాది జీ1. కేఐ-67 ఒక శాతం లోపే. రిపోర్టు చూసినవాళ్లందరూ "జీ1 కదా అంకుల్, ఏం కాదు" అన్నారు. సైజు మాత్రం 17 మి.మీ., మధ్యలో కొంచెం గుంట పడినట్టు ఉండేది. ఎంఆర్ఐ తీస్తే రెక్టమ్ చుట్టూ ఉన్న కొవ్వులో ఒక లింఫ్ నోడ్ (లింఫ్ గ్రంథి) అనుమానంగా కనిపించింది. ఆపరేషన్ చేసి చుట్టూ ఉన్న నోడ్స్‌తో సహా తీశారు. అందులో రెండిటిలో ట్యూమర్ దొరికింది. జీ1కే దొరికింది. అందుకే చెబుతున్నా, గ్రేడ్ తక్కువ అని నిర్లక్ష్యం వద్దు, గ్రేడ్ ఎక్కువ అని అన్నం మానేయడమూ వద్దు. నేను ఇప్పుడు బాగానే ఉన్నాను, రోజూ పొద్దున నడుస్తున్నాను.

గ్యాస్ట్రో నైట్ డ్యూటీ
గ్యాస్ట్రోఎంటరాలజీ ట్రైనింగ్‌లో ఉన్నాను. అంకుల్ చెప్పింది వందకి వంద శాతం నిజం. రెక్టమ్ నెట్‌లలో పాకడానికి సంబంధించి ఎక్కువ బరువు మోసేది సైజు. పుస్తకాల్లో సాధారణంగా చెప్పే లెక్క ఏంటంటే 1 సెం.మీ. లోపుంటే పాకే అవకాశం 3 శాతం కన్నా తక్కువ, 1 నుంచి 2 మధ్యలో సుమారు 10 నుంచి 15 శాతం, 2 దాటితే 60 నుంచి 80 శాతం. సగం సెంటీమీటరు తేడాతో కథ ఎంత మారుతుందో చూడండి. ఆ తర్వాత ఎంత లోతుకి వెళ్లిందన్నది. పై పొర కింద ఉండే సబ్‌మ్యూకోసా పొర దాటి కండర పొరలోకి దిగిందంటే అది వేరే లెక్క. తర్వాత రక్తనాళాల్లోకి, లింఫ్ నాళాల్లోకి కణాలు దూరాయా అన్నది. వీటన్నిటి పక్కన గ్రేడ్ పెట్టి చదవాలి. చిన్న ట్యూమర్ అయినా జీ2 అయితే నోడ్స్‌కి వెళ్లే అవకాశం జీ1 కన్నా ఎక్కువే, అది కాదనలేం. కానీ గ్రేడ్ ఒక్కటే చూసి ఎవరైనా తీర్పు చెబితే నమ్మకండి.
నాన్నగారిది 11 మి.మీ. మధ్య గుంపులో పడుతుంది. తేలిగ్గా వదిలేసే కేసు కాదు, గుండెలు బాదుకునే కేసూ కాదు. డీప్ మార్జిన్ పాజిటివ్, అంటే తీసిన ముక్క కింది అంచు దాకా ట్యూమర్ ఉంది అన్నారు కాబట్టి అడుగున కొంత మిగిలి ఉండొచ్చు. ఈ ట్యూమర్లు పై పొర కింద పెరుగుతాయి, మామూలు వైరు వేసి లాగితే అడుగున కొంచెం ఉండిపోవడం చాలా కేసుల్లో చూస్తాం. పసుపు రంగులో నున్నగా గట్టిగా కనిపిస్తే ముందే అనుమానపడి, బ్యాండ్ వేసి పైకి లాగి తీయడమో, ఈఎస్‌డీ (స్కోపు ద్వారానే అడుగు పొర నుంచి కోసి ఒకే ముక్కగా తీయడం) చేయడమో మంచిది.

బోరబండ బాస్
నా సలహా వినండి. ఇప్పుడు మళ్లీ బుడిపె తీసిన చోట ఉన్న మచ్చ దగ్గర కత్తి పెట్టనివ్వకండి. కత్తి తగిలితే గాలి తగిలి పాకుతుంది. మా మేనమామకి అలాగే అయింది.

గ్యాస్ట్రో నైట్ డ్యూటీ
బాస్ గారూ, మీ మేనమామగారి విషయం విని బాధగా ఉంది. కానీ ఈ మాట ఇక్కడ వదిలేస్తే ఎవరో ఒకరు నమ్మి ఆగిపోతారు కాబట్టి గట్టిగానే చెబుతాను. గాలి తగిలి క్యాన్సర్ పాకదు. ఆపరేషన్ తర్వాత జబ్బు ముదిరినట్టు కనిపించే కేసుల్లో చాలావరకు అది అప్పటికే లోపల పాకి ఉండి తర్వాత బయటపడినదే. ఇక్కడ ప్రమాదం మిగిలిపోయిన ముక్కతో.

అల్వాల్ అక్క
తమ్ముడూ, మా అమ్మది కూడా రెక్టమ్‌దే, జీ2. కానీ కనుక్కునేసరికే 3 సెం.మీ. పైన ఉంది, లివర్‌లో మచ్చలు ఉన్నాయి. నీకు భయం పెట్టాలని కాదు ఇది రాయడం. రెక్టమ్‌లో తీసిన ముక్కలో కేఐ-67 6 శాతం ఉంటే లివర్ బయాప్సీలో 14 వచ్చింది. ఒకే మనిషిలో, ఒకే జబ్బు. అప్పుడు నాకు అర్థమైంది, గ్రేడ్ ఒకసారి రాసేస్తే అది జీవితాంతం అదే ఉంటుందని లేదు.
అమ్మకి నెలనెలా ఇంజెక్షన్, తర్వాత లుటీషియం థెరపీ (ట్యూమర్ కణాలకి అతుక్కునే రేడియేషన్ మందు) ఇచ్చారు. మనిషి ఉంది, మాట్లాడుతుంది, మొన్న బోనం తనే ఎత్తింది. పాకిన తర్వాత కూడా ఈ జబ్బుతో ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లు ఉన్నారు. మామూలు పెద్దపేగు క్యాన్సర్‌తో కలిపేసి చూసుకోవద్దు.

సంగారెడ్డి సైడ్
అక్కా లివర్‌కి వెళ్తే మొహం ఎర్రబడడం, విరేచనాలు అవుతాయంట కదా, అమ్మకి అవి వచ్చాయా?

అల్వాల్ అక్క
లేదు తమ్ముడూ, అస్సలు రాలేదు. అందుకే ఆలస్యమైంది.

స్లైడ్‌బాక్స్
రెక్టమ్ నుంచి వచ్చేవి ఆ లక్షణాలు తెచ్చే హార్మోన్లు విడుదల చేయడం చాలా అరుదు. మొహం ఎర్రబడడం లాంటివి ఎక్కువగా చిన్నపేగు ట్యూమర్లలో చూస్తాం. కాబట్టి లక్షణాలు లేవు కాబట్టి పాకలేదు అనుకోవడానికి లేదు.
అల్వాల్ అక్క చెప్పిన 6, 14 సంగతి మాకు మామూలే. ట్యూమర్ అంతటా ఒకే వేగం ఉండదు. చిన్న బయాప్సీ ముక్కలో నెమ్మదైన భాగం మాత్రమే పడితే గ్రేడ్ తక్కువగా వస్తుంది. పాకిన చోట వేగం పెరగడం కూడా ఉంది.
జీ3 గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ చాలామంది గందరగోళపడతారు. 20 దాటినవన్నీ ఒకటి కావు. కణాలు ఇంకా పద్ధతిగా కనిపిస్తే అది జీ3 నెట్. కణాలు పూర్తిగా రూపు చెడి, చిన్న కణాలుగానో పెద్ద కణాలుగానో విచ్చలవిడిగా ఉంటే అది న్యూరోఎండోక్రైన్ కార్సినోమా. అందులో చాలాసార్లు టీపీ53, ఆర్‌బీ1 జన్యువులు దెబ్బతిని ఉంటాయి. అది కనుక్కునేసరికే చాలామందిలో పాకి ఉంటుంది, దానికి ప్లాటినం, ఎటోపోసైడ్ కీమో ఇస్తారు. గ్రేడ్‌కీ పాకడానికీ సంబంధం నిజంగా బలంగా కనిపించేది ఆ కొసన. నాన్నగారి రిపోర్టులో వెల్ డిఫరెన్షియేటెడ్, అంటే కణాలు పద్ధతిగానే ఉన్నాయని ఉంది, 4 శాతం అని ఉంది. ఆ కొసకి చాలా దూరం.
మీరు చేయాల్సింది: ల్యాబ్‌కి వెళ్లి బ్లాక్ తీసుకోండి. బ్లాక్ అంటే అగ్గిపెట్టె కన్నా చిన్నగా ఉండే ప్లాస్టిక్ డబ్బీ, దానిమీద తెల్లటి మైనం, మైనంలో చిన్న ముక్క కనిపిస్తుంది, పక్కన నంబరు రాసి ఉంటుంది. స్లైడ్లు మాత్రమే కాదు, బ్లాక్ కూడా అడగండి. బ్లాక్ ఉంటేనే కొత్తగా కోసి రంగులు వేయగలరు. ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కదా, కరుగుతుంది. జీర్ణవ్యవస్థ కేసులు ఎక్కువగా చూసే పెద్ద ఆసుపత్రిలో రివ్యూకి ఇచ్చి రెండు విషయాలు అడగండి: కేఐ-67 లెక్కపెట్టి రాయమని, డీ2-40, సీడీ31 రంగులు వేసి నాళాల్లో కణాలు ఉన్నాయో లేదో చూడమని. మామూలు రంగులో కనిపించని నాళాలు వీటితో బయటపడతాయి.

నిజాంపేట్ అబ్బాయి
తప్పకుండా చేస్తాను మేడమ్. ఒక ల్యాబ్ వాళ్లు క్రోమోగ్రానిన్ ఏ బ్లడ్ టెస్ట్ చేయించుకోమన్నారు, పాకిందో లేదో దాంట్లో తెలిసిపోతుందన్నారు. చేయించమంటారా?

స్లైడ్‌బాక్స్
దాని మీద ఆధారపడకండి. రెక్టమ్ ట్యూమర్లలో చాలావాటికి క్రోమోగ్రానిన్ అనే ప్రోటీన్ అసలు ఉండదు, మేము స్లైడ్ మీద రంగు వేసినా చాలాసార్లు నెగటివ్ వస్తుంది, సినాప్టోఫిజిన్ అనే ఇంకో ప్రోటీన్ చూసే నిర్ధారిస్తాం. నాన్నగారు గ్యాస్ మాత్ర, అంటే పాంటాప్రజోల్ లాంటిది వాడుతుంటే దానికే ఆ అంకె పెరుగుతుంది. అనవసరంగా నిద్ర చెడుతుంది.

నిజాంపేట్ అబ్బాయి
పాన్ 40 రోజూ వేసుకుంటారు!! అయితే వద్దులెండి.

స్కాన్ రూమ్
న్యూక్లియర్ మెడిసిన్‌లో టెక్నాలజిస్ట్‌ని. మీ డాక్టర్ గాలియం డోటా పెట్ సీటీ, అంటే ఈ ట్యూమర్లు ఒంట్లో ఎక్కడున్నాయో వెతికే స్కాన్ రాయొచ్చు. డోటాటేట్ అని గానీ డోటానాక్ అని గానీ ఉంటుంది, రెండూ దాదాపు ఒకే పనికి. జీ1, తక్కువ జీ2 ట్యూమర్లు దీన్ని బాగా పట్టుకుంటాయి. గ్రేడ్ పెరిగేకొద్దీ ఇది పట్టుకోవడం తగ్గుతుంది, షుగర్‌తో చేసే ఎఫ్‌డీజీ పెట్ పట్టుకోవడం పెరుగుతుంది. అందుకే ఎక్కువ గ్రేడ్ వాళ్లకి రెండూ చేయిస్తారు.
టైముకి రండి, ఇది ముఖ్యం. గాలియం-68 సగం కరిగిపోవడానికి 68 నిమిషాలే పడుతుంది. పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి గంట లేటుగా వస్తే మీ కోసం తయారుచేసిన డోసు సగానికి పడిపోయి ఉంటుంది. మెట్రోలో రావడం నయం.
రిపోర్టులో క్లోమం తల దగ్గర కొంచెం వెలుగు ఉందని రాస్తే కంగారు పడకండి, చాలామందిలో అది మామూలుగానే కనిపిస్తుంది. ఇంకోటి, కొన్ని మిల్లీమీటర్ల నోడ్స్ ఈ స్కాన్‌లో తప్పిపోవచ్చు, అందుకే పెల్విస్ ఎంఆర్ఐ కూడా చేయించమంటారు.

నిజాంపేట్ అబ్బాయి
అప్‌డేట్. కొంచెం పెద్ద పోస్ట్, క్షమించండి.
బ్లాక్ తీసుకెళ్లి రివ్యూకి ఇచ్చాం. రిపోర్టు వచ్చింది. 1000 కణాలు లెక్కపెట్టారు, అందులో 24 పాజిటివ్, 2.4 శాతం. అంటే గ్రేడ్ 1! మొదటిసారి ట్యూమర్ మధ్యలో ఉన్న తెల్ల రక్తకణాలు కూడా గోధుమ రంగులో ఉంటే వాటిని కలిపేసి అంచనా వేసి ఉంటారన్నారు. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం, బాబాయి స్వీట్ బాక్స్ కూడా తెచ్చేశాడు.
డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన గ్రేడ్ లైను మీద చూపు కూడా నిలపలేదు. దాని కింద లైను చూపించారు. డీ2-40 రంగులో ఒక చోట లింఫ్ నాళంలో ట్యూమర్ కణాలు కనిపించాయి, లింఫోవాస్కులర్ ఇన్వేజన్ ప్రెజెంట్. గ్రేడ్ తగ్గింది కానీ నోడ్స్‌కి వెళ్లే రిస్కు మనం అనుకున్నదానికన్నా పెరిగింది అన్నారు. ఇక్కడ మీరంతా ముందే చెప్పకపోతే నాకు ఆ మాట బుర్రకి ఎక్కేది కాదు.
ఎంఆర్ఐలో నోడ్స్ ఏమీ కనిపించలేదు. డోటా స్కాన్‌లో ఎక్కడా ఏమీ లేదు, క్లోమం దగ్గర వెలుగు తప్ప. స్కాన్ రూమ్ బ్రదర్, ఆ లైను చదివి అమ్మ ఏడుపు మొదలుపెడితే మీ పోస్ట్ చూపించాను.
ట్యూమర్ బోర్డులో (వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి కేసు చర్చించే మీటింగ్) పెట్టారు. రెండు దారులు చెప్పారు. ఒకటి, మచ్చ ఉన్న చోట గోడ మందం మొత్తం లోపలి నుంచే తీసి, తర్వాత ఏళ్ల తరబడి ఎంఆర్ఐ, స్కోపీలతో కనిపెట్టుకుని ఉండడం. రెండోది, రెక్టమ్ ఆ భాగం నోడ్స్‌తో సహా తీసేయడం. నాన్న ఆరోగ్యం బాగానే ఉంది, బీపీ తప్ప ఏం లేదు. ఏది ఎంచుకోవాలో తెలియట్లేదు. మలక్‌పేట్ అంకుల్, మీరు పెద్ద ఆపరేషన్ చేయించుకున్నారు కదా, తర్వాత ఎలా ఉందో దాచకుండా చెప్పండి.

మలక్‌పేట్ పెద్దాయన
దాచేదేముంది బాబూ. ముందు కొన్నాళ్లు పొట్ట మీద సంచి పెట్టారు, తర్వాత మూసేశారు. సంచి తీసేశాక అసలు కష్టం మొదలైంది. రోజుకి చాలాసార్లు వెళ్లాల్సి వచ్చేది, ఆపుకోవడం కష్టం, పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాను. ఏడాది దాటాక కుదుటపడింది, ఇప్పటికీ బయటికి వెళ్లేముందు టాయిలెట్ ఎక్కడుందో చూసుకుంటాను. కానీ నాకు స్కాన్‌లోనే నోడ్ కనిపించింది, నాకు ఎంచుకునే అవకాశం లేదు. మీకు కనిపించలేదు. మీ నాన్నగారినే అడగండి, ఆయన శరీరం కదా. ఇంట్లో అందరూ మాట్లాడుకుని ఆయనకి చివర్లో చెప్పకండి.

గ్యాస్ట్రో నైట్ డ్యూటీ
ఈ సైజులో, ఈ పరిస్థితిలో ఇదే సరైనది అని బల్లగుద్ది చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు. నాళాల్లో కణాలు కనిపించాయి కాబట్టి పెద్ద ఆపరేషన్ చెప్పడంలో తప్పు లేదు, నోడ్స్‌లో ఏముందో ఖాయంగా తెలిసేది దాంతోనే. స్కాన్లు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి మచ్చ మాత్రమే తీసి కనిపెట్టుకుని ఉండే దారి ఎంచుకునే డాక్టర్లూ ఉన్నారు. డాక్టర్‌ని సూటిగా అడగాల్సింది ఒకటుంది: మచ్చ తీశాక అందులో కండర పొరలో ట్యూమర్ కనిపిస్తే అప్పుడు ప్లాన్ ఏంటి అని. ఇంకా, ఫాలోఅప్‌కి కచ్చితంగా వచ్చే మనిషేనా అన్నది మీ ఇంట్లోవాళ్లకే తెలుసు. ఇవి నెమ్మదిగా పెరిగేవి, చాలా ఏళ్ల తర్వాత బయటపడిన కేసులూ ఉన్నాయి. రెండేళ్లు చూసి ఆపేద్దాం అనుకునేవాళ్లకి ఆ దారి పనికిరాదు.

నిజాంపేట్ అబ్బాయి
నాన్నతో కూర్చుని మొత్తం చెప్పాను, అమ్మ ముందే. ఆయన అన్నీ విని "ముందు మచ్చ తీయించండి, అందులో ఏమొస్తుందో చూసి పెద్దదానికి నేను రెడీనే" అన్నారు. డాక్టర్ కూడా సరే అన్నారు. డేట్ ఇచ్చారు. రిపోర్టు రాగానే ఇక్కడ పెడతాను.

అల్వాల్ అక్క
మంచిది తమ్ముడూ. తీసిన ముక్క బ్లాక్ నంబర్, పాత బ్లాక్ నంబర్ రెండూ ఒక ఫైల్‌లో పెట్టుకో. నాకు లివర్ బయాప్సీ టైములో పాత బ్లాక్ వెతకడానికే ఎన్ని రోజులు పట్టిందో నాకే తెలుసు.

ఈసీఐఎల్ చెల్లి
మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. నాకు 38. కొలనోస్కోపీలో 5 మి.మీ. నెట్ దొరికింది, బ్యాండ్ వేసి తీశారు. జీ1, కేఐ-67 1 శాతం, నాళాల్లో ఏం లేదు అని రాశారు. తెలిసినవాళ్లు ఒకరు ప్రతి ఏడాదీ పెట్ స్కాన్ చేయించాలి అంటున్నారు. నిజమేనా?

స్లైడ్‌బాక్స్
మార్జిన్ లైను ఏం రాశారో చూడండమ్మా. కింది అంచు, పక్క అంచులు రెండూ నెగటివ్ అని ఉంటే, మీరు చెప్పిన మిగతావన్నీ కలిపి చూస్తే, యూరప్ మార్గదర్శకాల ప్రకారం దీనికంటూ ప్రత్యేకంగా ఏటేటా స్కాన్లు అక్కర్లేదు. మార్జిన్ గురించి రాయకపోయినా, ముక్కలుగా తీశారని ఉన్నా మళ్లీ ఇక్కడ రాయండి, అప్పుడు మాట వేరు.

ఈసీఐఎల్ చెల్లి
రెండూ నెగటివ్ అనే ఉంది మేడమ్, ఒకే ముక్కగా తీశారు. ట్యూమర్ అడుగు నుంచి అంచుకి 1 మి.మీ. దూరం అని కూడా రాశారు.

స్లైడ్‌బాక్స్
అయితే ఈ రిపోర్టు పట్టుకుని మీ డాక్టర్‌తోనే ఒకసారి మాట్లాడి ఆ పెట్ స్కాన్ సంగతి తేల్చుకోండి. ఊరికే చేయించుకోకండి.